గొడుగు కింది వీరుడు

ఒకానొక రాజ్యంలో రాజుకంటే రాళ్ళకే మర్యాద ఎక్కువ. ఆ సంగతి రాజుకూ తెలుసు. ఆయన కడుపుమంటంతా అక్కడే.

రాజ్యం పేరు కొండవల్లి. రాజు పేరు ఉదయకేసరి. ఆయన బిరుదులన్నీ వందిమాగధులు చదివి ముగించేసరికి సభలో సగం మందికి ఆకలి వేసేది, తక్కిన సగం మందికి నిద్ర వచ్చేది. తన బొమ్మ చెక్కించి కోట వాకిట్లో నిలబెట్టాడు. జనం దానికి దండం పెట్టి పోవాలని ఆజ్ఞ. పెట్టేవారు, కాపలావాడు చూస్తుంటే. కాపలావాడు తల తిప్పితే ఆ బొమ్మ నీడన కూర్చుని మజ్జిగ అమ్ముకునేవారు.

తూర్పు వాకిలి దాటగానే ఉన్న మిట్ట సంగతి వేరు. ఆ మిట్ట మీద వరసగా వీరగల్లులు. వీరగల్లు అంటే ఊరి కోసమో పశువుల కోసమో పోరాడి చచ్చిపోయినవాడి రూపం చెక్కి నిలబెట్టిన రాయి. అక్కడ కాపలా లేదు, ఆజ్ఞ లేదు. అయినా ఆ దారిన పోయే ప్రతివాడూ చెప్పులు విడిచి పోయేవాడు.

ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే, మనిషి మనిషిని ఎన్ని రకాలుగా చూశాడో తెలిసిపోయేది. మొట్టమొదటి రాళ్ళ మీద మనిషి అంటే గుండ్రటి తల, దాని కింద ఒక గీత, గీతకు నాలుగు పుల్లలు. పిల్లలు బొగ్గుతో గోడ మీద గీసినట్టు ఉంటాడు. కానీ పక్కనే ఒక ఆవు, ఆవుకూ పులికీ మధ్య వాడు. కొంచెం ముందుకు వస్తే ఆ గీతకు కండ పట్టింది. ఛాతీ మన వైపు తిరిగి ఉంటుంది, పాదాలు రెండూ పక్కకు నడుస్తుంటాయి. ఆ కాలంవాళ్ళకు మనిషి అలాగే కనిపించాడు. ఇంకా ముందుకు వస్తే నడుము సన్నబడింది, చెవులకు పోగులు, పెదవి మీద చిరునవ్వు, చచ్చేవాడు కూడా పెళ్ళికి పోతున్నట్టు ఉంటాడు. చివరి రాళ్ళ మీద మీసాలూ, కొప్పులూ, గుర్రాలూ వచ్చాయి. ఎవడి చేతనైనట్టు వాడు చెక్కాడు. ఎవరూ వెనకటివాడి పని చెరపలేదు.

వీరగల్లుకు ఒక కట్టుబాటు ఉండేది. రూపమంతా చెక్కాక కూడా కళ్ళు మూసే ఉంచుతారు. రాయిని మిట్ట మీద నిలబెట్టి, బంధువుల ఎదుట శిల్పి కళ్ళు తెరుస్తాడు. ఆ క్షణం నుంచి ఆ మనిషి చచ్చిపోయినట్టు లెక్క. అప్పటివరకూ ఇంటివాళ్ళు ఏ మూలో ఆశ పెట్టుకోవచ్చు. కళ్ళు తెరిచాక ఇక లేదు. ఆ తర్వాత అతని గొంతు వినిపించినా ఎవరూ పలకకూడదు. పలికితే వెంట తీసుకుపోతాడని భయం.

ఇక కథలోకి వస్తాను. పక్క రాజ్యపు రాజు ఒక పెళ్ళిలో తనకు ఎదురు రాలేదని ఉదయకేసరికి కోపం వచ్చింది. దానికి యుద్ధం. ఎదురు రానందుకు! చిట్టేటి రేవు దగ్గర రెండు సేనలూ తలపడ్డాయి. రాజుగారు దూరంగా గుట్ట మీద, గొడుగు కింద, మెత్తటి పరుపు మీద కూర్చుని చూశారు. మధ్యలో ఎండ ఎక్కువైందని డేరాలోకి పోయి పడుకున్నారు కూడా.

రేవును నిలబెట్టినవాడు ఎల్లన. పుర్రచేతివాటం వాడు, ఎడమ చేత్తో కత్తి తిప్పేవాడు. దొడ్డికాళ్ళు, పొట్టి మెడ. అందగాడేమీ కాదు. వెనకనుంచి సాయం వచ్చేదాకా ఏట్లో నిలబడి ఒక్కణ్ణీ ఇవతలికి రానివ్వలేదు. సాయం వచ్చింది, గెలుపూ వచ్చింది, ఎల్లన మాత్రం రాలేదు. అప్పుడే ఏరు పొంగింది. దేహం కూడా దొరకలేదు.

ఆ ఎల్లనకు అన్న దేచన. రాజుగారి సభలో హాస్యం చెప్పే ఉద్యోగం అతనిది. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి భుజాల మీద మోసి పెంచినవాడు. తమ్ముడు పోయిన తర్వాత కూడా సభకు వెళ్ళి రాజును నవ్వించవలసి వచ్చింది. నవ్వించాడు. నవ్వించిన ప్రతిసారీ ఇంటికొచ్చి తన నోటిని తానే తిట్టుకున్నాడు.

కొత్త వీరగల్లు నిలపాలంటే రాజుకు చూపించి అనుమతి తీసుకోవాలి. శిల్పి నాగోజు ఎల్లన రాయిని బండి మీద వేసుకుని సభ వాకిటికి తెచ్చాడు. దేచన దగ్గరికి పోయి చూశాడు. ఎడమ చేతిలో కత్తి. దొడ్డికాళ్ళు. పొట్టి మెడ. మూసిన కళ్ళు. దేహం దొరకని తమ్ముడికి లోకంలో మిగిలిన దేహం ఇదొక్కటే. దేచన ఆ రాతి మోకాలి మీద చెయ్యి వేసి తీయలేకపోయాడు.

రాజుగారి పక్కన ప్రమాణ భట్టు అనే పండితుడు ఉండేవాడు. అసలు పేరు ఇంకేదో ఉంది. ప్రతి మాటకూ ప్రమాణం చూపించమంటాడని జనం ఆ పేరు పెట్టారు. ఆయన రాయి చుట్టూ తిరిగి ముక్కు చిట్లించాడు. మనిషి రూపం ముఖానికి తొమ్మిదింతల పొడవు ఉండాలన్నాడు, ఇది ఏడింతలు కూడా లేదన్నాడు, కాళ్ళు వంకరన్నాడు, ఎడమ చేతిలో ఆయుధం అశుభమన్నాడు. మిట్ట మీద ఉన్న పాత రాళ్ళయితే అసలు మనుషులే కారని, పుల్లలకు ప్రాణం పోశామనుకున్న అనాగరికుల పని అని తేల్చేశాడు.

దేచనకు అరికాలి మంట నెత్తికెక్కింది. “వాడి కాళ్ళు వంకరే, భట్టుగారూ. ఆ వంకర కాళ్ళే రేవులో నిలబడ్డాయి” అన్నాడు.

రాజుకు ఆ గొడవేమీ పట్టలేదు. ఆయన రాయిని ఎగాదిగా చూసి ఒకే ఒక్క మాట అడిగాడు. “ఇందులో నేనెక్కడ?”

“యుద్ధం నాది. గెలుపు నాది. రాయి మీద వీడెవడు?” అన్నాడు రాజు.

భట్టు వెంటనే అందుకున్నాడు. భటులు రాజుకు కాళ్ళూ చేతులూ వంటివారు, చేయి చేసిన పని మనిషిదే కదా అన్నాడు. అలా చూస్తే ఏ కాలంలో ఎవడు పోరాడినా ఆ పరాక్రమం సింహాసనానిదే, కనుక వీరగల్లులన్నిటి మీదా ఉండవలసింది ఏలినవారి రూపమే అన్నాడు. రాజు ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే ఆజ్ఞ అయింది. కొత్త రాయి మీద రాజు రూపం చెక్కాలి. అది నిలబెట్టిన మర్నాటి నుంచి పాత రాళ్ళన్నీ గీకి, పొడవు సరిచేసి, వాటి మీద కూడా రాజు ముఖమే దించాలి. తెరిచిన కళ్ళ మీద ఉలి పెట్టం అని ఇక్కడివాళ్ళు మొండికేస్తే పైదేశపు రాతిపనివాళ్ళను పిలిపించాలి. ఎల్లన రాయి పగలగొట్టి మెట్లకు వాడుకోవాలి.

మెట్లకు! దేచన పళ్ళు పటపట కొరికాడు. ఆ క్షణాన చేతిలో ఏదైనా ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. కానీ చేతిలో ఏమీ లేదు, చుట్టూ భటులు ఉన్నారు. అతనికి ఉన్నదల్లా నోరు.

“ఏం దేచనా, ఇంత మంచి సంగతికి ఒక్క చమత్కారం కూడా లేదా?” అన్నాడు రాజు.

దేచన ఊపిరి పీల్చుకున్నాడు. ముఖం మీదికి నవ్వు తెచ్చుకున్నాడు. ఆ నవ్వు తెచ్చుకోవడం కంటే రాయి ఎత్తడం తేలిక.

“చమత్కారం తర్వాత, ప్రభూ. ముందు పని. మామూలు భటుడి రాయికే ఊరు అన్ని మర్యాదలు చేస్తుంది. ఏలినవారి రాయికి ఒక్కటి తగ్గినా మనకే అప్రతిష్ఠ. ఆ బాధ్యత నాకివ్వండి” అన్నాడు.

రాజు పొంగిపోయాడు. వీరగల్లుకు చేయవలసిన మర్యాదల్లో ఒక్కటీ లోపం రాకూడదని, అడ్డం వచ్చినవాడు ఎవడైనా రాజద్రోహి అవుతాడని ముద్ర వేసి ఇచ్చాడు. ఆ మర్యాదలేమిటో అడగాలని ఆయనకు తోచలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క వీరగల్లు దగ్గరికీ పోలేదు. భట్టుకు తెలుసా అంటే, గ్రంథంలో లేనిది ఆయనకు లోకంలో లేదు.

దేచన ఇంటికి వచ్చేసరికి ఈ వార్త అతనికంటే ముందే వచ్చింది. ఎల్లన భార్య ముమ్మక్క వాకిట్లో నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది దేచనకు.

“బావగారూ, ఆయన రాయి తీసి మెట్లకు వేస్తారట. ఆ పండగ మీరే చేయిస్తారట. నిజమేనా?” అంది.

దేచన తల వంచుకుని నిజమే అన్నాడు. రాయి నిలబెట్టేది అమావాస్య నాడని, ఆ పొద్దున మిట్ట దగ్గరికి రమ్మన్నాడు. ముమ్మక్క లోపలికి పోయి తలుపు వేసుకుంది. దేచన బయట అరుగు మీద కూర్చున్నాడు. తన ఎత్తు చెబితే ఆమె ముఖంలో తెలిసిపోతుంది, ముఖంలో తెలిస్తే వీధికి తెలుస్తుంది. చెప్పకపోతే ఆమె దృష్టిలో తాను కుక్క. కుక్కగానే ఉండటానికి నిశ్చయించుకున్నాడు.

నాగోజు దగ్గర ఇంకో రభస అయింది. ఎల్లన రాయి మీద ఉలి పెట్టమంటే తన చేతులు నరికేసుకుంటానన్నాడు. దేచన అతన్ని కూర్చోబెట్టి చెవిలో నాలుగు మాటలు చెప్పాడు. నాగోజు మొదట గడ్డం గోక్కున్నాడు, తర్వాత లేచి ఎల్లన రాయి మీద వరిగడ్డి కప్పి, వేరే రాయి దొర్లించుకొచ్చాడు.

ఆ రాయి మీద రాజును ప్రమాణం ప్రకారం చెక్కాడు. ముఖానికి సరిగ్గా తొమ్మిదింతలు. సింహం నడుము. ఏనుగు తొండాల్లాంటి చేతులు. కుడి చేతిలో కత్తి. రాజుగారి పొట్ట మాయం, రెండో గడ్డం మాయం. కాళ్ళ దగ్గర చీమల్లాగా భటులు. కింద బిరుదులు చెక్కకపోతే అది ఎవరో రాజుగారి సొంత తల్లి కూడా పోల్చుకోలేదు. రాజు వచ్చి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. “అచ్చం నేనే” అన్నాడు.

అమావాస్య పొద్దున నగరమంతా మిట్ట దగ్గరికి వచ్చింది. సంతోషంతో వచ్చారనుకునేరు. ఆ వరసలో తాతో ముత్తాతో లేని ఇల్లు కొండవల్లిలో లేదు. రేపటి నుంచి ఆ ముఖాలన్నీ గీకేస్తారని అందరికీ తెలుసు. ఎవరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు, ఎవరి పిడికిలీ విప్పి లేదు. రాజు పల్లకీ దిగి, గొడుగు నీడలో నడిచి వచ్చి, తన రాయి పక్కనే వేసిన పీట మీద కూర్చున్నాడు.

దేచన సైగ చేశాడు. నాగోజు ఉలి తీసుకుని రాతి రాజు కళ్ళు తెరిచాడు.

వెంటనే చావు డప్పు మోగింది.

రాజు ఉలిక్కిపడ్డాడు. ఇదేమిటన్నట్టు చూశాడు. చూస్తుండగానే గొడుగు పట్టినవాడు గొడుగు ముడిచేశాడు. చచ్చినవాడికి గొడుగు పట్టరు. ఎండ చుర్రున నెత్తిన పడింది. ఆడవాళ్ళు రాయి చుట్టూ చేరి శోకాలు మొదలుపెట్టారు. రాతి పాదాల దగ్గర పిండం పెట్టారు. బోయీలు ఖాళీ పల్లకీ ఎత్తుకుని వెళ్ళిపోయారు. మంగలి కత్తి నూరుకుంటూ యువరాజు కోసం వెతకసాగాడు. పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు తెల్లచీర పట్టుకుని మహారాణి డేరా వైపు నడిచారు. అది చూసి మహారాణి పెట్టిన కేక మిట్ట అంతా వినిపించింది.

“ఆపండి!” అన్నాడు రాజు.

ఎవరూ ఆపలేదు. ఎవరూ అటు చూడలేదు.

రాజు లేచి సేనాపతి భుజం పట్టి కుదిపాడు. సేనాపతి ఆంజనేయ దండకం అందుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మంత్రిని పిలిచాడు. మంత్రి ఆకాశంలో గద్దను చూడసాగాడు. భటుల మీద అరిచాడు. చిట్టేటి రేవు నుంచి బతికొచ్చిన భటులు వాళ్ళు. రాళ్ళకంటే కదలకుండా నిలబడ్డారు. మనసులో వాళ్ళకు ఎంత చల్లగా ఉండి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

“భట్టూ! నువ్వైనా పలుకు!” అన్నాడు రాజు.

“చిత్తం ప్రభూ” అనేశాడు ప్రమాణ భట్టు, పాపం, అలవాటుకొద్దీ.

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. పలికాడు, పలికాడు అని గుసగుసలు. ఒక ముసలమ్మ జాలిగా భట్టు నెత్తిన కడవెడు నీళ్ళు కుమ్మరించింది. నీకు పిల్లలెంతమంది నాయనా అని అడిగింది. భట్టు ఈ భయానికి విరుగుడు ఏ గ్రంథంలో ఉందో వెతకడానికి కాబోలు, తడిపంచె ఎగదోసుకుని ఇంటివైపు పరుగెత్తాడు.

ఇక మిగిలింది దేచన. రాజు అతని ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. “దేచనా, చాలు. ఇది హాస్యమైతే చాలు” అన్నాడు.

దేచన రాజును చూడలేదు. పక్కకు తప్పుకుని రాతి రాజు ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు. ఇన్నాళ్ళూ గొంతులో అణిచిపెట్టిందంతా అప్పుడు బయటికి వచ్చింది.

“మహారాజా, బతికుండగా మీతో ఈ మాటలు అనే ధైర్యం లేకపోయింది. పోయారు కనుక అంటున్నాను. మీకు ఎవరో ఎదురు రాలేదని మా ఇళ్ళలో మగవాళ్ళను ఏట్లోకి పంపారు. వాళ్ళు నీళ్ళలో ఉంటే మీరు నీడలో ఉన్నారు. వాళ్ళు తెగి పడుతుంటే మీరు నిద్రపోయారు. నా తమ్ముడి శవం కూడా నాకు దక్కలేదు. వాడికి ఒక రాయి అడిగాను, ఒక్క రాయి. అది కూడా మీకే కావలసి వచ్చింది. ఆ పుల్లల మనిషిని చూశారా, ఆ చివర? వాణ్ణి చెక్కినవాడికి చెయ్యి గీయడం రాదు, కాలు గీయడం రాదు. కానీ ఆ మనిషి పులికీ ఆవుకూ మధ్య నిలబడ్డాడని తెలుసు, అది గీశాడు. మీకు నడుము వచ్చింది, ఛాతీ వచ్చింది, తొమ్మిదింతల పొడవు వచ్చింది. మీరు నిలబడ్డ చోటు మాత్రం చెక్కలేకపోయాడు నాగోజు. ఎందుకంటే మీరు ఎక్కడా నిలబడలేదు. ఇంత వీరమరణం పొందినందుకు సంతోషం. ఈ వరసలోకి రావాలంటే చావాలి. వచ్చారు. ఇక హాయిగా ఉండండి. రేపు యువరాజుకు పట్టం కడతాం.”

మిట్ట మీద డప్పు కూడా ఆగిపోయింది. ముమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని బావగారి వైపే చూస్తోంది.

రాజు ఎండలో, ఒంటరిగా, చెమటలు కారుతూ నిలబడ్డాడు. మింగలేక కక్కలేక ఉన్నాడు. తన ముద్ర వేసిన ఆజ్ఞ తనకే గొంతు మీదికి వచ్చింది. చివరికి నాగోజు దగ్గరికి పోయి సుత్తీ ఉలీ లాక్కున్నాడు. తెరిచిన ఆ కళ్ళు పోతే తప్ప తనకు బతుకు లేదని, ఆ రాయిని తానే కొట్టడం మొదలుపెట్టాడు. నల్లరాయి అంత తేలిగ్గా లొంగుతుందా? ఒక దెబ్బ రాయికి, ఒక దెబ్బ వేలికి. అరచేతులు పొక్కులెక్కాయి, పట్టుచొక్కా చంకల్లో చిరిగింది. సాయం పట్టినవాడు లేడు. ఎట్టకేలకు ఒక కన్ను రాలింది, ఆ తర్వాత రెండోది, ఆ తర్వాత ముక్కు. ఆయన రొప్పుతూ సుత్తి కింద పడేశాడు.

అప్పుడు దేచన వెనక్కి తిరిగి, మొదటిసారి చూసినట్టు, “దండాలు ప్రభూ” అన్నాడు. మిట్ట మీద జనమంతా “దండాలు ప్రభూ” అన్నారు.

రాజు తన పొక్కుల చేతులు చూసుకున్నాడు. ముక్కు లేని తన బొమ్మను చూశాడు. పీట మీద కూలబడి నవ్వాడు. మొదట సన్నగా, తర్వాత పొట్ట ఊగేలా. బతికి బయటపడ్డవాడి నవ్వు అది. రాజు నవ్వాడు కనుక మంత్రి నవ్వాడు. మంత్రి నవ్వాడు కనుక సేనాపతి కళ్ళు తెరిచి నవ్వాడు. ఈ రాళ్ళ జోలికి ఇక ఎవడూ పోకూడదని, ఎల్లన రాయి తెచ్చి ఇప్పుడే నిలబెట్టమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. మెడలో హారం తీసి దేచనకు చాచాడు. ఒక ఊరు కూడా రాసి ఇస్తానన్నాడు.

దేచన నవ్వలేదు. హారం తీసుకోలేదు.

నాగోజు గడ్డి తీసి ఎల్లన రాయిని తెచ్చి నిలబెట్టాడు. ఎడమ చేతిలో కత్తి, దొడ్డికాళ్ళు, పొట్టి మెడ. ముమ్మక్క ఎదుట నిలబడి తల ఊపింది. నాగోజు కళ్ళు తెరిచాడు. అప్పుడు ఏడ్చింది ఆమె.

“ఏం కావాలో నువ్వే కోరుకో దేచనా” అన్నాడు రాజు, ఇంకా నవ్వుతూనే.

“నా తమ్ముణ్ణి ఒక్కసారి పేరు పెట్టి పిలవండి ప్రభూ. అంతే చాలు.”

రాజు నోరు తెరిచాడు. మంత్రి వైపు చూశాడు. సేనాపతి వైపు చూశాడు. తన యుద్ధం గెలిపించినవాడి పేరు ఆయనకు తెలియదు. నవ్వు ముఖం మీద ఎక్కడ ఉన్నది అక్కడే ఎండిపోయింది.

“ఎల్లన” అన్నాడు దేచన.

రాజు తల దించుకుని, గొణిగినట్టు, “ఎల్లన” అన్నాడు.

“వినపడలేదు ప్రభూ” అన్నాడు దేచన.

కొండవల్లిలో ఒక రాజుతో ఆ మాట అన్నవాడు అంతకుముందు లేడు. రాజు తల ఎత్తి దేచన కళ్ళలోకి చూశాడు. ఆ కళ్ళలో హాస్యం లేదు. ఆయన మెల్లగా పీట మీంచి లేచాడు. రాయి ముందుకు వచ్చి, ఎండలో నిలబడి, గొంతెత్తి ఆ పేరు పిలిచాడు.